గాజులో కలిసిన నీడ

రోహిణి కార్తె. మిట్టమధ్యాహ్నం. గూడూరు నుంచి కోట, వాకాడు మీదుగా తూపిలిపాలెం సముద్రానికి పోయే దారిలో కారు పక్కకు ఆపి, ఎడమ తలుపు అద్దం సగం దాకా దించాను. రోడ్డు వారన సరుగుడు తోట, దాని మొదట్లో తెల్లటి ఇసుక దిబ్బ. దించిన అద్దం అంచుకు పైన కనిపిస్తున్న ఇసుక కళ్లు మూసుకుపోయేంత తెల్లగా ఉంది. అంచుకు కింద, గాజులోంచి కనిపిస్తున్న అదే ఇసుక, తేటనీటి అడుగున ఉన్నట్టు, లేత పచ్చగా, నిమ్మళంగా ఉంది. ప్రతి రేణువు మెరుపూ తెలుస్తోంది, కానీ కంటికి నొప్పి పుట్టడం లేదు. అరచెయ్యి అంచుకు పైన పెడితే ఎండ చురుక్కుమంది. కిందకి, గాజు నీడలోకి జరిపితే ఆ చురుకు సగానికి సగం తగ్గినట్టు అనిపించింది.

ఆ అంచు దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక పలక, కదలకుండా, కరెంటు లేకుండా, చప్పుడు లేకుండా, ఎండను రెండుగా విడదీస్తోంది. చూడటానికి కావలసిన వెలుగును లోపలికి రానిస్తోంది, అక్కరలేని వేడిలో చాలా భాగాన్ని పట్టి ఆపుతోంది. కొత్త బండి కొన్నవాళ్లం రంగు చూస్తాం, చక్రాలు చూస్తాం, మైలేజీ అడుగుతాం. గుడి ముందు నిలబెట్టి కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయలు తొక్కిస్తాం. అద్దాన్ని మాత్రం ఎవరూ చూడరు, అద్దంలోంచి చూస్తారు. తనను చూడనివ్వకుండా లోకాన్ని చూపించడమే దాని పని కాబట్టి, ఆ పనితనానికి దక్కవలసిన మెచ్చుకోలు దక్కడం లేదని నాకు అనిపిస్తుంది.

నెల్లూరులో బండ్ల అద్దాలు అమర్చే ఒక కొట్టులో పనివాడు ఈ సంగతిని నాకు ఒక్క మాటలో చెప్పాడు. గోడకు ఆనించిన రెండు తలుపు అద్దాలను పక్కపక్కన నిలబెట్టి, "ఇది ప్లెయిన్ గ్లాసు, ఇది గ్రీన్ గ్లాసు. దీనికి కలర్ పూసింది కాదన్నా, పుట్టుకతోనే వొచ్చింది" అన్నాడు. కంపెనీ నుంచి వచ్చే టింటుకూ, బయట అంటించే కూలింగ్ పేపరుకూ ఉన్న తేడా అంతా ఆ మాటలో ఉంది. కూలింగ్ పేపరు గాజు మీద అంటించిన పలచటి ప్లాస్టిక్ పొర. గ్రీన్ గ్లాసులో పొర అంటూ ఏదీ లేదు. రంగు గాజు మందమంతటా ఉంది. గీసినా పోదు, ఊడి రాదు, బుడగలు రావు, ఏళ్లు గడిచినా వెలిసిపోదు.

మన వెంకటగిరి చీర తెలిసిన వాళ్లకు ఈ తేడా మరింత బాగా పడుతుంది. బట్ట నేసిన తరువాత దాని మీద బొమ్మ అద్దడం ఒక పని. మగ్గం మీదే, పడుగు పోగుల మధ్యకు రంగు నూలు చొప్పించి జాందానీ బుటా నేయడం ఇంకో పని. రెండో దాంట్లో రంగు బట్ట మీద ఉండదు, బట్టే రంగుగా పుడుతుంది. గ్రీన్ గ్లాసు ఆ రెండో రకం నేత. దాని మగ్గం ఒక కొలిమి, నూలు ఇసుక.

ఆ ఇసుక సంగతికి వస్తే, అది మన ఊరి కథే. పాత నెల్లూరు జిల్లాలోని చిల్లకూరు, కోట మండలాల తీరం సిలికా ఇసుకకు పేరున్న చోటు. మోమిడి, బల్లవోలు, సిద్దవరం చుట్టుపక్కల సరుగుడు, జీడిమామిడి తోటల కింద పరుచుకున్న తెల్లటి ఇసుక మామూలు ఏటి ఇసుక కాదు. ఏటి ఇసుకలో రకరకాల రాళ్ల పొడి కలిసి ఉంటుంది. ఇక్కడ వేల ఏళ్ల పాటు గాలి, వాన, సముద్రం కలిసి మెత్తటి ఖనిజాలను అరగదీసి, కరిగించి, కడిగి పారేశాయి. అరగని, కరగని క్వార్ట్జ్ మిగిలింది. గాజు పరిశ్రమకు కావలసింది ఆ మిగిలిన రేణువే. అందుకే ఈ ఇసుక దశాబ్దాలుగా లారీల్లో జాతీయ రహదారి ఎక్కి, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి చెన్నై వైపు గాజు కర్మాగారాలకు పోతోంది. 1998లో ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ కార్ల ఉత్పత్తి మొదలైంది. 2000లో శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెయిన్ పెద్ద పలక గాజు కొలిమి వెలిగింది. తడ పక్కనే ఉన్న శ్రీసిటీలో 2016లో ఇసుజు కర్మాగారం తెరుచుకుంది. ఇసుక దిబ్బ, గాజు కొలిమి, కార్ల షెడ్డు ఈ మూడూ కొన్ని గంటల ప్రయాణంలో ఉన్నాయి. కొలిమిలో పడ్డాక ఇసుకకు ఊరూ పేరూ ఉండవు. అయినా గాజులోంచి ఈ దిబ్బను చూస్తున్నప్పుడు, బిడ్డ ముఖంలో తల్లి పోలిక వెతికినట్టే వెతికాను.

గాజు తయారీలో ఇసుక బరువులో ఎక్కువ పాలు, పూర్తయిన గాజులో సుమారు 70 శాతానికి పైన సిలికాయే. అది ఒంటరిగా కరగాలంటే 1,700 డిగ్రీలకు పైగా వేడి కావాలి. ఆ వేడిని తగ్గించడానికి సోడా బూడిద కలుపుతారు. సోడా కలిసిన గాజు నీటిలో కరగకుండా సున్నపురాయి, డోలమైట్ కలుపుతారు. పగిలిన పాత గాజు కూడా కొంత వేస్తారు, అది తొందరగా కరిగి మిగతా వాటిని కరిగిస్తుంది, పాలకు తోడు వేసినట్టు. ఇవన్నీ 1,500 డిగ్రీలు దాటిన కొలిమిలో కలిసి తేనెలా అవుతాయి. ఒకసారి వెలిగించిన కొలిమి ఏళ్ల తరబడి, తరచుగా పదిహేనేళ్లు, పగలూ రాత్రీ ఆరకుండా మండుతూనే ఉంటుంది.

ఇక్కడే రంగు పని మొదలవుతుంది. రంగు అంటే మరేమీ కాదు, ఇనుము. తుప్పులో ఉండే ఇనుప ఆక్సైడే. సాదా గాజులో అది వందకు 0.1 వంతు దగ్గర ఉంటుంది. కారు గ్రీన్ గ్లాసులో అర శాతం నుంచి ఒక శాతం లోపు. ఒక చదరపు మీటరు వైశాల్యం, 3.2 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు ఎనిమిది కిలోలు తూగుతుంది. 0.6 శాతం లెక్కన చూస్తే అందులో ఇనుప ఆక్సైడు 48 గ్రాములు. ఎనిమిది కిలోల గాజు స్వభావాన్ని గుప్పెడు కూడా నిండని పొడి మార్చేస్తుంది.

మరి చివరికి ఇనుము కలిపేటప్పుడు, మొదట ఇనుము లేని తెల్లటి ఇసుక కోసం వెతకడం దేనికి? ఉప్పు వేయని కూరలోనే ఉప్పు సరిగ్గా వేయగలం, అందుకు. ఇసుకలో ఇనుము ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఉంటే గాజు రంగు రోజుకో తీరున వస్తుంది. నాలుగు తలుపుల అద్దాలు నాలుగు రంగుల్లో ఉన్న కారును ఎవరు కొంటారు? మన తీరపు తెల్లదనం గాజు పనివాడికి ఒక ఖాళీ పలక లాంటిది. దాని మీద తాను అనుకున్నంతే రాయగలడు.

ఇనుము ఎంత వేశామన్నది సగం సంగతే. ఆ ఇనుము గాజులో ఏ స్థితిలో ఉందన్నది మిగతా సగం, అసలు చాతుర్యం అక్కడే ఉంది. కరిగిన గాజులో ఇనుము రెండు రూపాల్లో ఉంటుంది. ఫెర్రిక్ రూపంలో ఉన్న ఇనుము అతినీలలోహిత కిరణాలను, ఊదా వెలుగులో కొంత భాగాన్ని మింగుతుంది. అందువల్ల గాజుకు పసుపు ఛాయ ఇస్తుంది. ఫెర్రస్ రూపంలో ఉన్న ఇనుము కంటికి కనబడని పరారుణ వేడిని మింగుతుంది, ఎరుపు అంచును కూడా కాస్త కొరుకుతుంది. అందువల్ల నీలి ఛాయ ఇస్తుంది. పసుపూ నీలమూ కలిస్తే పచ్చ. కారు అద్దం పచ్చగా ఉండటం అందం కోసం ఎవరో ఎంచుకున్న రంగు కాదు. ఎండకు రెండు వైపులా కాపలా పెడితే మధ్యలో మిగిలిన వెలుగు రంగు అది.

ఎండను ఒక పొడవాటి పట్టీగా ఊహించండి. ఒక చివర అతినీలలోహితం, శక్తిలో అయిదు శాతం మాత్రమే, కానీ చర్మాన్నీ సీటు బట్టనూ పాడుచేసేది. ఇంకో చివర పరారుణం, నేలకు చేరే ఎండ శక్తిలో సుమారు సగం. అది మనకు కనిపించదు, చూపుకు ఏ విధంగానూ సాయపడదు, వేడి మాత్రం ఇస్తుంది. ఈ రెండింటి మధ్య మనం చూసే వెలుగు. అందులోనూ పట్టపగలు మన కన్ను అన్నిటికన్నా బాగా పట్టుకునేది 555 నానోమీటర్ల దగ్గరి పచ్చటి వెలుగు. గ్రీన్ గ్లాసు సరిగ్గా ఆ పచ్చటి నడుమను వదిలి, రెండు చివరలనూ కత్తిరిస్తుంది. అందుకే మామూలు మందంలో అది కంటికి కనిపించే వెలుగులో 75 నుంచి 80 శాతం దాకా వదులుతూనే, ఎండ మొత్తం శక్తిలో అంతకన్నా ఎక్కువ భాగాన్ని ఆపగలుగుతుంది. సాదా గాజు ఎండ శక్తిలో ఐదింట నాలుగు వంతులు నేరుగా లోపలికి పంపిస్తే, గ్రీన్ గ్లాసు సగం నుంచి మూడింట రెండు వంతుల మధ్య పంపిస్తుంది. కంటికి పట్టే నష్టం కొంచెం, ఒంటికి కలిగే లాభం చాలా. ఇంత తక్కువ ఖర్చుతో, ఇంత పొందికైన బేరం ఇంకెక్కడా చూడలేదు నేను.

ఫెర్రస్, ఫెర్రిక్ ఎంతెంత ఉండాలన్నది కొలిమి గాలి, ఇంధనం, మిశ్రమంలో వేసే బొగ్గు పొడి, సోడియం సల్ఫేట్ నిర్ణయిస్తాయి. బొగ్గు కాస్త ఎక్కువైతే ఫెర్రస్ పెరిగి గాజు నీలివైపు ఒరుగుతుంది, ఆక్సిజన్ ఎక్కువైతే పసుపు వైపు. సల్ఫేట్ గాజులోని సన్నబుడగలను పైకి తేల్చడానికీ కావాలి, దాన్ని అతిగా తగ్గిస్తే బుడగలు మిగులుతాయి. ఒకటి సరిచేస్తే ఇంకోటి కదులుతుంది. చిన్న మార్పు చేసినా దాని ఫలితం గాజులో కనిపించడానికి చాలా సమయం పడుతుంది, వందల టన్నుల కరిగిన గాజు ఆ కొలిమిలో నెమ్మదిగా కదులుతుంటుంది మరి. సాదా గాజు నుంచి గ్రీన్ గ్లాసుకు మారాలంటే రోజులు పడతాయి. ఆ మధ్య రోజుల్లో అటూ ఇటూ కాని రంగుతో వచ్చే గాజును పగలగొట్టి తిరిగి కొలిమిలోకే పంపిస్తారు.

ఈ పనిలో నన్ను బాగా కదిలించిన విషయం ఇంకోటి ఉంది. రేపు కారులో కూర్చున్న మనిషికి వేడి తగలకుండా అడ్డుకునే ఆ ఫెర్రస్ ఇనుమే, ఇవాళ కొలిమిలో పనివాడికీ అడ్డు తగులుతుంది. మంటలు పైనుంచి గాజును కాస్తుంటాయి. సాదా గాజులోంచి ఆ వేడి లోతుకు దిగుతుంది. గ్రీన్ గ్లాసు పైపొరే వేడిని మింగేస్తుంది, అడుగు చల్లగా ఉండిపోతుంది. పైనా కిందా ఒకే తీరుగా కరిగించడానికి కొలిమి మనుషులు మంటలను, లోతును, గాజు ప్రవాహాన్ని సరిచూసుకుంటూ ఉండాలి. గాజు తన గుణాన్ని పుట్టకముందే చూపిస్తుంది. దాన్ని ఒప్పించి పలకగా మార్చడం ఓర్పుతో కూడిన పని.

కరిగిన గాజు కొలిమి దాటి, కరిగిన తగరపు మడుగు మీదికి జారుతుంది. ఇంగ్లాండులో అలస్టేర్ పిల్కింగ్టన్, ఆయన తోటివాళ్లు ఏళ్ల తరబడి కష్టపడి, 1959లో లోకానికి ప్రకటించిన పద్ధతి ఇది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, గాజు వచ్చే 1,100 డిగ్రీల దగ్గర కూడా ఆవిరై పోదు. నీటి మీద నూనె పరుచుకున్నట్టు గాజు దాని మీద పరుచుకుంటుంది. కింద తగరం అద్దంలా సమతలం, పైన నైట్రోజన్, హైడ్రోజన్ కలిసిన వాయువు, రెండు వైపులా మంట మెరుగు. మెరుగు పెట్టనక్కరలేదు, అరగదీయనక్కరలేదు. తనంతట తానుగా వదిలేస్తే గాజు ఆరేడు మిల్లీమీటర్ల మందంలో ఆగుతుంది. కారుకు అందులో సగం కూడా అక్కరలేదు కనుక, అంచుల్లో పళ్ల చక్రాలతో పట్టి లాగి రెండు, మూడు మిల్లీమీటర్లకు సాగదీస్తారు. ఇక్కడ మందం తేడా వస్తే కేవలం బలం కాదు, రంగు కూడా మారుతుంది. గాజు మందమైతే వెలుగు ఎక్కువ ఇనుమును దాటి రావాలి కదా. పలక అంచు వైపు నుంచి చూడండి, లేత పచ్చ కాస్తా సముద్రపు లోతులా ముదురు పచ్చగా కనిపిస్తుంది. వెలుగు అక్కడ మిల్లీమీటర్లు కాదు, ఒకటీ రెండు అడుగుల గాజును దాటి వస్తోంది.

పలక గాజు కారు అద్దం కావడం మరో చేతిపని. ఆకారానికి కోసి, అంచులు గుండ్రంగా అరగదీసి, కడిగి ఆరబెడతారు. ముందూ వెనకా అద్దాలకు అంచుల చుట్టూ నల్లటి పింగాణీ రంగు అచ్చు వేస్తారు. ఆ నల్ల పట్టీ లోపలి అంచున చుక్కలు ఉంటాయి, పెద్దవి చిన్నవవుతూ పోయి మాయమైపోతాయి. ముగ్గులో చుక్కలు పెట్టినంత శ్రద్ధగా ఉండే ఆ వరుసకు కారణం ఉంది. అద్దాన్ని బండికి అతికించే జిగురు ఎండకు పాడవకుండా నల్ల పట్టీ కాపాడుతుంది. నలుపు ఒక్కసారిగా ఆగిపోతే, వేడి చేసినప్పుడు నల్లభాగం ఎక్కువ కాగి, అంచు దగ్గర గాజు వంకర పోయి చూపు అలలాడుతుంది. చుక్కలు ఆ మార్పును మెల్లగా కరిగిస్తాయి.

తలుపు అద్దం తిన్నగా ఉండదు. పీపా పక్కలా చిన్న వంపు ఉంటుంది. ఆ వంపు పై నుంచి కింద దాకా ఒకే వృత్తంలో ముక్కగా ఉంటేనే, తలుపులోని సన్నటి సందులోకి తగలకుండా దిగుతుంది, గాలి దూరకుండా పైకి వచ్చి రబ్బరులో కూర్చుంటుంది. దీనికోసం గాజును 650 డిగ్రీల దగ్గరకు కాచి, వంచి, వెంటనే రెండు వైపులా బలమైన గాలి కొడతారు. బయటి పొరలు ముందు గడ్డకడతాయి. లోపల ఆలస్యంగా చల్లబడి కుంచించుకుంటూ బయటి పొరలను బిగించి పట్టుకుంటుంది. ఆ బిగువే టెంపరింగ్. ఇలా బిగిసిన గాజు మామూలు దెబ్బలకు తట్టుకుంటుంది, పగిలితే కత్తుల్లాంటి పెంకులుగా కాక జొన్నగింజల్లాంటి ముక్కలుగా రాలుతుంది. వాహనాల అద్దాలకు ఐక్యరాజ్యసమితి పెట్టిన 43వ నిబంధన ప్రకారం పగిలిన అద్దంలో అయిదు సెంటీమీటర్ల చదరంలో కనీసం నలభై ముక్కలు లెక్కకు రావాలి. టెంపరింగ్ అయిన అద్దాన్ని ఇక కోయడానికి గానీ రంధ్రం పెట్టడానికి గానీ లేదు. తప్పు దొర్లితే మొదటికే. గ్రీన్ గ్లాసు ఈ కొలిమిలోనూ వేడిని తొందరగా మింగుతుంది కనుక, సాదా గాజుకు పెట్టిన మంట లెక్క దీనికి సరిపోదు. పోలరైజ్డ్ చలువ కళ్లజోడు పెట్టుకుని వెనక అద్దం వైపు చూస్తే, ఆ గాలిగొట్టాలు కొట్టిన చోట్ల మసక చుక్కలు వరుసగా కనిపిస్తాయి. లోపం కాదది, గాజు ఒంటి మీద మిగిలిన పని గుర్తు.

ముందు అద్దం పద్ధతి వేరు. రెండు పలచని గాజు పలకల నడుమ పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. పగిలినా ముక్కలు ఊడి ముఖం మీద పడకుండా ఆ పొర పట్టుకుంటుంది. అతినీలలోహితాన్ని దాదాపు పూర్తిగా ఆపేది కూడా ఆ పొరే. కొన్ని కార్లకు ముందు అద్దం పైభాగాన కనిపించే నీలి పట్టీ రంగు ఆ పొరలోనే ఉంటుంది, సాయంకాలపు ఆకాశంలా కిందికి వస్తూ మాయమైపోతుంది. ఇప్పుడు ఆలోచించండి. ముందు అద్దం రెండు పలకలు, తలుపు అద్దం ఒకే పలక, మందాలు వేరు, తయారీ వేరు. అయినా కారు చుట్టూ తిరిగితే అన్నీ ఒకే పచ్చగా కనిపించాలి. అందుకోసం ముందు అద్దంలో ఒక పలక సాదాది, ఒక పలక పచ్చది పెట్టే పద్ధతి కూడా ఉంది. వేర్వేరు దారుల్లో నడిచి ఒకే ఊరు చేరినట్టు, వేర్వేరు కొలతలతో ఒకే ఛాయకు చేరతారు.

ఎంత ఛాయ ఉండాలన్నదానికి మన దేశంలో గీత ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వందో నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాలు కనీసం 70 శాతం వెలుగును, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుగును వదలాలి. నల్ల ఫిల్ముల వాడకం మితిమీరినప్పుడు, 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఆ శాతాలు తయారీలోనే రావాలని, తరువాత పొరలు అంటించకూడదని తీర్పు చెప్పింది. ఆ నిబంధన తరువాత సవరించబడింది. 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, సవరించిన నిబంధన ప్రకారం 70, 50 మితులకు లోబడి ఉంటే పొర ఉండవచ్చని చెప్పింది. మాట ఏదైనా గీత మాత్రం అక్కడే ఉంది. ఇక్కడొక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి. వెలుగు తీసివేతల్లో కాదు, గుణకారంలో తగ్గుతుంది. 78 శాతం వదిలే గ్రీన్ గ్లాసు మీద 60 శాతం వదిలే పొర అంటిస్తే, లోపలికి వచ్చేది 47 శాతం కన్నా తక్కువ. పొర డబ్బా మీద 60 అని ఉంది కదా అనుకున్నవాళ్లు తెలియకుండానే గీత దాటతారు.

అమెరికాలో ఉండే మనవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు, అక్కడి వ్యాన్లకు వెనకవైపు కంపెనీ నుంచే నల్లటి అద్దాలు వస్తాయని, మనకెందుకు లేవని అడుగుతుంటారు. నిజమే. అక్కడి నిబంధనలు వ్యాన్లకు, ఎస్‌యూవీలకు డ్రైవరు వెనక భాగంలో ముదురు అద్దాలను అనుమతిస్తాయి. వాటినీ గాజులోనే రంగు కలిపి చేస్తారు. ఇనుముతో పాటు కోబాల్ట్, సెలీనియం లాంటివి కలిపి బూడిద నలుపు తెస్తారు. సెలీనియం కొలిమి వేడికి చాలా భాగం పొగలోకి ఎగిరిపోతుంది, మిగిలింది సరిగ్గా సరిపోయేలా లెక్క వేయడం గొప్ప పనే. అయితే నలుపు వేరు, చలువ వేరు. ముదురు గాజు ప్రధానంగా ఆపేది చూసే వెలుగును. లేత పచ్చ గాజు ఆపేది చూడటానికి అక్కరలేని వేడిని. పనితనం దృష్టితో చూస్తే, అందరినీ ఆపేసే కాపలావాడికన్నా, ఎవరిని ఆపాలో తెలిసిన కాపలావాడే నేర్పరి.

గ్రీన్ గ్లాసు చేయలేనివి కూడా చెప్పాలి, మెచ్చుకోలు నిజమవ్వాలంటే. ఎండలో మూడు గంటలు నిలబెట్టిన కారు కొలిమే. లోపలికి వచ్చిన వెలుగును సీట్లు, డ్యాష్‌బోర్డు మింగి, దీర్ఘతరంగ వేడిగా తిరిగి వదులుతాయి, ఆ వేడి ఏ గాజునూ దాటి బయటికి పోలేదు. గాజు మింగిన వేడి కూడా కొంత లోపలికి వస్తుంది. బండి కదిలి గాలి తగిలినప్పుడే అది బయటికి ఎక్కువగా కొట్టుకుపోతుంది. పక్క అద్దాల్లో సాధారణంగా పీవీబీ పొర ఉండదు కనుక అతినీలలోహితం కొంత వస్తుంది. చెన్నై దారిలో రోజూ బండి నడిపే వాళ్ల కుడి ముంజేతిని చూస్తే తెలుస్తుంది. గాజు చెట్టునీడ కాదు. చెట్టునీడ దొరకని దారిలో వెంట వచ్చే కాస్త నీడ.

కొత్త బండి తీసుకునేటప్పుడు ఈసారి ఒక తెల్ల కాగితం వెంట తీసుకెళ్లండి. తలుపు అద్దం వెనక పెట్టి, సగం గాజులోంచి, సగం బయట నుంచి చూడండి, ఛాయ తెలుస్తుంది. నాలుగు తలుపుల దగ్గరా చూడండి, ఒకే తీరుగా ఉంటుంది. తరువాత అద్దం మూలన ఉన్న చిన్న ముద్ర చదవండి. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే సంఖ్య, తయారీదారు పేరు, చాలాసార్లు సున్నా మధ్యలో ఇంగ్లీషు 'E' అక్షరం, దాని పక్కన 43ఆర్ ఉంటాయి. 43వ నిబంధన కింద ఆ ముద్రలో రోమన్ అయిదు గుర్తు ఉంటే, ఆ గాజు 70 శాతం కన్నా తక్కువ వెలుగు వదిలేదని అర్థం. నిండు జాతకం అంతా వేలిగోరంత చోటులో ఉంది.

ఆ ఇసుక దిబ్బ గురించి కూడా ఒక మాట చెప్పకపోతే ఈ పనిలో సగమే మెచ్చుకున్నట్టవుతుంది. ఆ తెల్లదనాన్ని చేసిన మొదటి పనివాడు తీరమే, దానికి పట్టిన కాలం వేల ఏళ్లు. ఆ దిబ్బలు వాన నీటిని పట్టి దాచుకుంటాయి. సముద్రం పక్కనే ఉన్న ఊళ్లలో బావి నీరు తియ్యగా ఉండటానికి ఆ ఇసుకే ఆధారం. తవ్విన చోట తిరిగి అంత తెల్లటి ఇసుక మన జీవితకాలంలో పుట్టదు. కొలిమి దగ్గర చుక్క గాజు వృథా పోనివ్వని శ్రద్ధ, తవ్వే చోట కూడా ఉండాలి. ఎంత తీయాలో, ఎక్కడ ఆగాలో తెలియడం ఈ పనికి మొదటి మెట్టు కావాలి.

తూపిలిపాలెంలో చీకటి పడేదాకా ఉండి తిరుగుముఖం పట్టాను. వాకాడు దాటాక రొయ్యల గుంటల మధ్య సన్నటి రోడ్డు. వీధి దీపాలు లేవు. గుంటల్లో ఏరియేటర్లు నురగ కక్కుతున్నాయి. మలుపు దగ్గర ఎడమ పక్క అద్దంలోంచి ఏదో కదిలినట్టు అనిపించి బ్రేకు వేశాను. గుంట గట్టు దిగి, భుజాన వల వేసుకుని, దీపం లేకుండా రోడ్డు ఎక్కుతున్నాడు ఒక మనిషి. చుక్కల వెలుగులో ఒక నల్లటి ఆకారం, అంతే. నా వైపు చెయ్యెత్తి, నిదానంగా రోడ్డు దాటిపోయాడు.

మధ్యాహ్నం ఆ గాజు ఆపిన వేడిని చూసి మురిశాను. దాని అసలు ఘనత అది వదిలిన వెలుగులో ఉందని ఆ మలుపు దగ్గర తెలిసింది. ఎండలో అంత పట్టి ఆపిన పలకే, చీకట్లో ఆ మనిషి రూపాన్ని తెచ్చే పిసరంత వెలుగును తన దగ్గర ఉంచుకోకుండా నాకు అందించింది.